చివరి లాగిన్ ఎవరికి చూపించాలి: మా అపార్ట్‌మెంట్ సైట్ పని డైరీ

శనివారం

నిజాంపేట్ రోడ్డులో మా అపార్ట్‌మెంట్. 60 ఫ్లాట్లు, ఒక అసోసియేషన్, దానికో చిన్న వెబ్‌సైట్. అందులో నెలవారీ మెయింటెనెన్స్ బిల్లు, నోటీసులు, కంప్లయింట్లు ఉంటాయి, అంతే. పీహెచ్‌పీ భాషలో రాసిన పాత కోడ్, డేటా దాచడానికి మైఎస్‌క్యూఎల్ 5.7 డేటాబేస్, ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునే, చవకలో దొరికే షేర్డ్ హోస్టింగ్. ఇదివరకు ఇక్కడ అద్దెకున్న ఒక కుర్రాడు రాసిపెట్టి వెళ్లిపోయాడు. ఇప్పుడు దాని బాగోగులు నా నెత్తిన పడ్డాయి.

సెక్రటరీ గారు లిఫ్ట్ దగ్గర పట్టుకున్నారు. "సంపు కడిగే రోజు నీళ్లు రావని రెండు రోజుల ముందే నోటీసు పెడతాం కదా. అయినా పొద్దున్నే ఫోన్ల మీద ఫోన్లు, మాకు తెలియదంటే మాకు తెలియదని. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో తేదీ, టైముతో సహా నాకు కనపడేలా చెయ్యి బాబూ."

సాయంత్రం 304 ఆంటీ అడిగింది మాత్రం ఇంకొకటి. మొన్నటిదాకా వాళ్ల ఫ్లాట్ అద్దెకిచ్చారు. కిరాయికున్నవాళ్లకు ఆ అకౌంట్ పాస్‌వర్డ్ తెలుసు. "నేను గాక ఇంకెవరన్న నా అకౌంట్ తెరుస్తున్నరేమో నాకు ఎట్ల తెలుస్తది నాన్నా?"

ఇద్దరికీ కావాల్సింది చివరి లాగిన్ టైమే. కానీ ఆయన అడుగుతున్నది పక్కవాళ్లది, ఆమె అడుగుతున్నది తనది. నా ఓటు ఆంటీకే. నెట్‌బ్యాంకింగ్‌లో పైన ఒక మూల 'మీ కిందటి లాగిన్' అని ఉండేది ఇందుకే. లైనక్స్ సర్వర్‌లోకి టెర్మినల్ నుంచి వెళ్తే మొదట పలకరించే లైను కూడా సాధారణంగా అదే: కిందటిసారి ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడి నుంచి వచ్చారో. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిస్తే ఇన్‌బాక్స్ అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతే ఉంటుంది. వీటన్నిటిలో ఎవరి సమాచారం వాళ్లకే చూపిస్తారు. ముందు ఆంటీ పని, తర్వాత సెక్రటరీ గారి పని అనుకున్నాను.

అదే రాత్రి

యూజర్ల టేబుల్ తెరిచాను. 'లాస్ట్ విజిట్' అని ఒక కాలమ్ అప్పటికే ఉంది. సగం పని అయిపోయినట్టే అనిపించింది, లోపలి విలువలు చూసేదాకా.

60 వరుసల్లో 57కి ఒకటే టైము. రాత్రి 11:47:12. తేదీ అదే, గంట అదే, సెకను కూడా అదే. 57 ఇళ్లవాళ్లు ఒకే సెకనులో లాగిన్ అయ్యే వింత ఎక్కడా జరగదు. ట్రెజరర్ గారిని అడిగితే తెలిసింది, ఆ రాత్రి ఆయన కొత్త మెయింటెనెన్స్ రేటు అందరికీ ఒక్కసారే మార్చారట.

తప్పు ఆయనది కాదు. ఆ కాలమ్ టైమ్‌స్టాంప్ రకం, అంటే తేదీ, టైము దాచే ఒక రకం. మైఎస్‌క్యూఎల్ 5.7లో టైమ్‌స్టాంప్‌ల డిఫాల్ట్‌కు సంబంధించిన ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే, టేబుల్‌లో మొదట వచ్చే టైమ్‌స్టాంప్ కాలమ్‌కి మనం ఏమీ చెప్పకపోయినా 'వరుస మారినప్పుడల్లా ఇప్పటి టైము వేసుకో' అనే గుణం దానంతట అదే అంటుకుంటుంది. ఫోన్ నంబరు మార్చినా, రేటు మార్చినా, పేరులో అక్షరం దిద్దినా టైము మారిపోతుంది. 8.0 నుంచి ఆ సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో వస్తుంది కాబట్టి ఈ తలనొప్పి లేదు. మిగిలిన మూడు వరుసలు ఎందుకు తప్పించుకున్నాయంటే, అవి ఇంకా బిల్డర్ చేతిలోనే ఉన్న ఫ్లాట్లు, వాటి రేటు మారలేదు. విలువ నిజంగా మారితేనే ఆ గుణం పని చేస్తుంది, ఉన్న విలువనే మళ్లీ రాస్తే కదలదు.

కాబట్టి ఇందులో ఉన్న పాత డేటా ఎందుకూ పనికిరాదు. కాలమ్ పేరు చూసి నమ్మి అదే స్క్రీన్ మీద పెట్టి ఉంటే సెక్రటరీ గారు 57 మందినీ నిలదీసేవారు.

ఆదివారం

కొత్తగా రెండు కాలమ్‌లు పెట్టాను. ఒకటి ఇప్పటి లాగిన్, ఇంకొకటి దానికి ముందరిది. రెండూ డేట్‌టైమ్ రకం (తేదీ, టైము దాచే ఇంకో రకం, మనం చెప్పకుండా మారదు), రెండూ ఖాళీగా ఉండొచ్చు.

రెండెందుకంటే, లాగిన్ అవగానే టైము రాసేసి, వెంటనే దాన్నే చదివి స్క్రీన్ మీద చూపిస్తే ఎప్పుడూ 'ఇప్పుడే' అని వస్తుంది. నేను ఇప్పుడే వచ్చానని నాకు తెలుసు, కావాల్సింది కిందటిసారిది. పాస్‌వర్డ్ సరిపోయాక ఒకే అప్‌డేట్ క్వెరీలో (డేటాబేస్‌కి ఇచ్చే మార్పు ఆదేశంలో) ముందు పాత టైముని 'ముందరి లాగిన్'లోకి జరిపి, తర్వాత 'ఇప్పటి లాగిన్'లో కొత్త టైము వేయాలి.

ఆ వరుస చాలా ముఖ్యం. డేటాబేస్‌లతో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్, దాని ప్రమాణం ప్రకారం అయితే ఒక అప్‌డేట్‌లో కుడివైపు రాసినవన్నీ పాత విలువలే తీసుకుంటాయి, ఏది ముందు రాసినా తేడా ఉండదు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అలాగే నడుస్తుంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే చేసుకుంటూ పోతుంది. కొత్త టైము ముందు రాస్తే, 'ముందరి లాగిన్'లోకి కూడా ఆ కొత్త టైమే జారుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. క్వెరీ పక్కనే పెద్ద కామెంట్ రాసిపెట్టాను, నా తర్వాత వచ్చేవాళ్లు అందం కోసం అటూ ఇటూ మార్చకుండా.

ఇంకో చిక్కు మధ్యాహ్నం భోజనం చేస్తుంటే తట్టింది. ఆంటీ పొద్దున ఫోన్‌లో, తర్వాత ట్యాబ్‌లో లాగిన్ అయ్యారనుకుందాం. ముందు రోజు రాత్రి వేరేవాళ్లు దూరి ఉంటే, ఆ టైము ఫోన్‌లో ఒకసారి కనపడి, ట్యాబ్ తెరిచేసరికి పోతుంది. ఒక్క టైము గుర్తుపెట్టుకుంటే చాలదు. అందుకని లాగిన్ చరిత్రకు వేరే టేబుల్ పెట్టాను. ఎవరు, ఎప్పుడు, ఏ బ్రౌజర్, పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా అన్నవి అందులోకి పోతాయి. తప్పు పాస్‌వర్డ్ కొట్టినవి కూడా రాయాలి. దొంగ తాళం తీయలేకపోయినా గడియ కదిపిన సంగతి ఇంటివాళ్లకు తెలియాలి కదా.

ప్రొఫైల్ పేజీలో చివరి ఐదు లాగిన్‌లు కనపడతాయి. హోమ్ పేజీలో మాత్రం ఒక్క లైనే.

సోమవారం, ఆఫీసు నుంచి వచ్చాక

టైము గొడవ. ఈ పనిలో అసలు మజా ఇక్కడే ఉంది, టెన్షన్ కూడా.

రాత్రి 9:10కి నేను లాగిన్ అయ్యాను. మైఎస్‌క్యూఎల్ ఇచ్చే ఇప్పటి టైము తీసుకుని చూస్తే ఉదయం 8:40 అని పడింది. అదే క్షణంలో పీహెచ్‌పీని అడిగితే 15:40 అంది. రెండింటిలో ఒక్కటీ హైదరాబాద్ టైము కాదు.

విప్పి చూస్తే సంగతి తేలికే. హోస్టింగ్ సర్వర్ గడియారం అరిజోనా టైములో ఉంది. అది యూటీసీకి (ప్రపంచమంతా కొలమానంగా పెట్టుకున్న టైముకి) ఏడు గంటలు వెనక, మనం ఐదున్నర గంటలు ముందు, కలిపితే పన్నెండున్నర గంటల తేడా. మైఎస్‌క్యూఎల్ ఆ గడియారాన్నే పట్టుకుంది. పీహెచ్‌పీకి టైమ్‌జోన్ ఎవరూ చెప్పలేదు కాబట్టి యూటీసీలో ఉంది. పాత కోడ్‌లో బిల్లు కట్టిన టైము ఒకచోట పీహెచ్‌పీతోనూ, రసీదు టైము ఇంకోచోట మైఎస్‌క్యూఎల్‌తోనూ రాసి ఉంది. బిల్లు కట్టకముందే రసీదు వచ్చిందని ఒకాయన కంప్లయింట్ పెట్టింది గుర్తొచ్చింది. అది ఏ తంతో ఇప్పుడు అర్థమైంది.

నా నిర్ణయం: డేటాబేస్‌లో అంతా యూటీసీలోనే ఉండాలి, మార్చడం చూపించేటప్పుడు మాత్రమే. మైఎస్‌క్యూఎల్‌లోనే టైమ్‌జోన్ మార్చే ఫంక్షన్ ఉంది గానీ, 'ఆసియా/కోల్‌కతా' అని పేరు చెబితే మా హోస్టింగ్‌లో ఖాళీ విలువ ఇస్తుంది. టైమ్‌జోన్ పేర్ల పట్టికలను సర్వర్‌లో విడిగా లోడ్ చేయాలి, షేర్డ్ హోస్టింగ్‌లో ఆ అధికారం మనకు లేదు. '+05:30' అని అంకెల్లో చెబితే పని చేస్తుంది. మనకు వేసవి గడియారం మార్పులు లేవు కాబట్టి మన వరకు అంకెలు చాలు.

కానీ 502 ఓనరు డాలస్‌లో ఉంటారు. వాళ్లకు అంకెలు చాలవు. డాలస్‌కీ మనకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, మార్చిలో రెండో ఆదివారం నుంచి పదిన్నర. వాళ్లకు టైమ్‌జోన్ పేరే కావాలి. అందుకే మార్చే పని పీహెచ్‌పీకి అప్పగించాను. దాని దగ్గర పట్టికలు తోడుగానే వస్తాయి.

పనికి సంబంధం లేని మాట ఒకటి. మన ఐఎస్‌టీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం, అది మీర్జాపూర్ దగ్గరగా పోతుంది. హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన సూర్యుడు మన గడియారానికి పావుగంట పైనే వెనక. అంటే ఎంత సరిగ్గా రాసినా సైట్ చూపించేది మీర్జాపూర్ టైమే.

టైమ్‌స్టాంప్ రకం వదిలేసి డేట్‌టైమ్ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. టైమ్‌స్టాంప్ లోపల యూటీసీలోనే దాచుకుంటుంది నిజమే, కానీ ఇచ్చేటప్పుడు కనెక్షన్ టైమ్‌జోన్‌కి మార్చి ఇస్తుంది. ఆ కనెక్షన్ అరిజోనాలో ఉంటే మళ్లీ మొదటికే వస్తాం. పైగా దాని ఆయుష్షు 2038 జనవరి 19 ఉదయం 8:44 దాకానే, మన టైములో. మా బిల్డింగ్ అంతకన్నా ఎక్కువ కాలం నిలబడాలని కోరిక.

మంగళవారం

ఎవరి టైమ్‌జోన్ ఏదో ఎలా తెలుస్తుంది? బ్రౌజర్‌నే అడగొచ్చు, జావాస్క్రిప్ట్‌లో ఒక్క లైను. దాన్ని సర్వర్‌కి పంపి, పీహెచ్‌పీ ఇచ్చే టైమ్‌జోన్ పేర్ల జాబితాలో ఉందో లేదో సరిచూసి వాడుకోవాలని ప్లాన్.

నా క్రోమ్ పంపింది 'ఆసియా/కలకత్తా'. పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చే జాబితాలో 'ఆసియా/కోల్‌కతా' మాత్రమే ఉంటుంది. నిజాంపేట్‌లో కూర్చున్న నన్ను చెల్లని టైమ్‌జోన్ అని గెంటేసింది. పాత పేర్లతో కలిపి జాబితా ఇమ్మని అడిగే ఆప్షన్ వేరే ఉంది, అది పెడితే సర్దుకుంది. టైమ్‌జోన్ రాకపోయినా, అర్థం కాకపోయినా హైదరాబాద్ టైము చూపించి, పక్కన 'హైదరాబాద్ సమయం' అని రాస్తున్నాను.

బుధవారం

ఆంటీ కోసం చేసింది ఆమె ఫోన్‌లో పెట్టి చూపించాను. అక్కడ ఇంకో సంగతి బయటపడింది. మా సైట్‌లో 'నన్ను గుర్తుంచుకో' టిక్కు పెడితే 30 రోజులు మళ్లీ పాస్‌వర్డ్ అడగదు. చాలామంది ఆ టిక్కు పెట్టే ఉంటారు. నిన్న రాత్రి బిల్లు కట్టిన మనిషికి కూడా చివరి లాగిన్ మూడు వారాల కిందటిదని వస్తుంది. అబద్ధం కాదు, కానీ చూసినవాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు.

అందుకని చివరిసారి సైట్ వాడిన టైముకు వేరే కాలమ్. ప్రతి క్లిక్‌కీ డేటాబేస్‌లో రాయడం దండగ. ఉన్న టైము పది నిమిషాల కన్నా పాతదైతేనే కొత్తది రాయమన్నాను. అప్‌డేట్ షరతులోనే ఆ మాట చెప్పొచ్చు, విడిగా చదివి పోల్చే పని లేదు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. పేజీ తెరిచి ఉంటే, కొత్త నోటీసులు ఉన్నాయా అని నిమిషానికొకసారి బ్రౌజర్ తనంతట తనే సర్వర్‌ని అడుగుతూ ఉంటుంది. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, ల్యాప్‌టాప్‌లో ట్యాబ్ తెరిచిపెట్టి ఊరెళ్లినవాళ్లు కూడా రాత్రంతా సైట్‌లోనే కూర్చున్నట్టు కనపడతారు. ఆ పిలుపుని వదిలేశాను, మనిషి నొక్కి తెరిచిన పేజీలే లెక్క.

లాగవుట్ టైము కూడా పెట్టమని ట్రెజరర్ గారి సూచన. వద్దన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్‌లో లోపలికొచ్చిన టైము అందరిదీ ఉంటుంది, బయటికెళ్లిన గడి మాత్రం ఖాళీగానే ఉంటుంది. లాగవుట్ బటన్ నొక్కేవాళ్లు అంతకన్నా తక్కువ.

గురువారం

సెక్రటరీ గారితో మాట. క్లబ్ హౌస్‌లో టీ పెట్టించి మరీ కూర్చోబెట్టారు.

"మరి నా లిస్టు?"

"అంకుల్, మీకు కావాల్సింది నోటీసు ఎవరు చూశారనే కదా?"

"అదే. లాగిన్ టైము చూస్తే తెలిసిపోతుంది."

"తెలియదు అంకుల్. లాగిన్ అయ్యి బిల్లు కట్టి వెళ్లిపోతే నోటీసు చూసినట్టా?"

ఆయన ఒప్పుకోలేదు, కానీ టీ తాగుతూ ఆలోచనలో పడ్డారు. నేను రెండో మాట చెప్పాను. 403లో నైట్ షిఫ్ట్ చేసే ఆడపిల్లలుంటారు. రాత్రి రెండింటికి ఆన్‌లైన్‌లో ఉన్నారని కమిటీకి లిస్టు వెళ్తే అది వాట్సాప్ గ్రూపులోకి రావడానికి ఎంతసేపు? పది రోజులుగా ఎవరూ లాగిన్ కాని ఫ్లాట్ అంటే తాళమేసిన ఇల్లని చెప్పకనే చెప్పినట్టు. వాట్సాప్‌లో కూడా లాస్ట్ సీన్ దాచుకోవచ్చు, కాకపోతే దాచుకుంటే ఎదుటివాళ్లది కూడా మనకు కనపడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఏ పని కోసమని చెప్పి తీసుకున్నారో ఆ పనికే వాడమంటుంది. అకౌంట్ భద్రత కోసమని రాసుకుంటున్న టైమును హాజరుపట్టీ చేయకూడదు.

"అయితే నాకేమీ లేదా?"

ఉంది. ముఖ్యమైన నోటీసులకు కింద 'చదివాను' బటన్. నొక్కితే ఆ ఫ్లాట్ నంబరు ముందు టిక్కు పడుతుంది. కమిటీకి కనపడేది ఆ టిక్కే, గంటా నిమిషం కాదు. టిక్కు లేని ఫ్లాట్లకు నీళ్లు ఆపే ముందు రోజు సాయంత్రం వాచ్‌మన్ వెళ్లి చెబుతాడు. "అట్లయితే ఇంకా నయం, ఫోన్లు తగ్గుతాయి," అన్నారు. తర్వాత రెండు నిమిషాలకు, "అయినా ఒకసారి ఆ లిస్టు నా ఒక్కడికే..." అన్నారు. నవ్వి ఊరుకున్నాను.

చరిత్ర ఎన్నాళ్లు దాచాలన్నది కూడా అక్కడే తేలింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు తమ లాగ్‌లను 180 రోజులు ఉంచాలని ఉంది. ఆ అంకెనే పట్టుకున్నాం. 180 దాటినవి రోజూ తెల్లవారుజామున క్రాన్ జాబ్ (చెప్పిన వేళకు సర్వర్ తనంతట తనే చేసే పని) తుడిచేస్తుంది.

శుక్రవారం

చూపించే తీరు మీద కూర్చున్నాను. చిన్న పనిలా ఉంటుంది, తినేసే టైము చాలా.

మొదటిసారి వచ్చేవాళ్లకు కిందటి లాగిన్ ఉండదు. ఆ ఖాళీని అలాగే తేదీగా మార్చబోతే 1 జనవరి 1970, ఉదయం 5:30 అని వస్తుంది. కంప్యూటర్లు టైము కొలిచే యూనిక్స్ లెక్క సున్నా నుంచి మొదలయ్యేది అక్కడే, మన ఐదున్నర గంటలు కలిపితే 5:30. పాత టేబుల్‌లో కొన్నిచోట్ల అన్నీ సున్నాలున్న తేదీలు దొరికాయి. వాటిని పీహెచ్‌పీకి ఇస్తే క్రీస్తుపూర్వంలో ఎక్కడో నవంబరు 30 అంటుంది. ఖాళీ అయితే 'ఇదే మీ మొదటి లాగిన్' అని చూపిస్తున్నాను.

'నిన్న' అనేదాన్ని 24 గంటలతో లెక్కేయకూడదు. రాత్రి 11:50కి లాగిన్ అయినవాళ్లు 12:10కి మళ్లీ వస్తే, గడిచింది 20 నిమిషాలే అయినా తేదీ మారిపోయింది. గంట లోపయితే '20 నిమిషాల క్రితం', అది దాటితే చూసేవాళ్ల టైమ్‌జోన్‌లో తేదీలను పోల్చి 'నిన్న రాత్రి 9:10', 'మొన్న ఉదయం 7:05', ఇంకా పాతవైతే పూర్తి తేదీ. ఏఎం, పీఎం తీసేసి తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పెట్టాను. తెల్లవారుజాము నాలుగింటికి మొదలవ్వాలా మూడింటికా అని మా ఇంట్లో చిన్న పంచాయితీ జరిగింది, నాలుగు గెలిచింది.

ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ కనెక్షన్‌కి ఉండే నంబరు) దాచుతున్నాను, చూపించడం లేదు. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీవీ4 అడ్రస్ వెనక ఎంతోమంది ఉంటారు, దాన్ని బట్టి ఊరు ఊహిస్తే కూకట్‌పల్లిలో ఉన్న మనిషిని ముంబైలో చూపించే ప్రమాదం ఉంది. ఆంటీ లాంటివాళ్లకు అనవసరమైన కంగారు. పాత టేబుల్‌లో ఐపీకి 15 అక్షరాల చోటే ఉంది, ఇంకా పొడుగ్గా ఉండే కొత్త రకం ఐపీవీ6 అడ్రస్ అందులో పట్టదు, 45కి పెంచాను.

ఫోన్ మోడల్ చూపిద్దామనుకున్నాను గానీ కుదరదు. ఆండ్రాయిడ్ క్రోమ్ ఇప్పుడు ఏ ఫోన్ అయినా 'ఆండ్రాయిడ్ 10, కె' అనే చెప్పుకుంటుంది. అందుకే 'ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్' దగ్గరే ఆపాను.

శనివారం

లైవ్‌లో పెట్టాను. హోమ్ పేజీ పైన ఒక లైను: 'మీ కిందటి లాగిన్: నిన్న రాత్రి 9:10, ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్'. పక్కన 'ఇది నేను కాదు' అని బటన్. నొక్కితే అన్ని చోట్లా లాగవుట్ చేసి, 'నన్ను గుర్తుంచుకో' కోసం బ్రౌజర్లలో దాచిన గుర్తులు, అంటే కుకీలన్నీ రద్దు చేసి, కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది. కుకీలు రద్దు చేయకుండా పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే, ముందే లోపల ఉన్నవాళ్లు 30 రోజులు దర్జాగా తిరుగుతూనే ఉంటారు.

మధ్యాహ్నానికి ఆంటీ ఫోన్. "నాన్నా, ఇందులో విండోస్ కంప్యూటర్ అని ఉంది. మా ఇంట్ల కంప్యూటరే లేదు." పొద్దున 11:20కి. బటన్ నొక్కమన్నాను, నొక్కారు, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. సాయంత్రం మళ్లీ ఫోన్, ఈసారి గొంతు తగ్గించి. పుణెలో ఉన్న అల్లుడు ఆఫీసు నుంచి ఆమె మెయింటెనెన్స్ బిల్లు కడదామని వెళ్లాడట, సగంలో బయటికి నెట్టేసిందట. కొత్త పాస్‌వర్డ్ అల్లుడికి చెప్పొచ్చా అని అడిగారు. అతనికి వేరే లాగిన్ ఇస్తానన్నాను. ఒక్కో ఫ్లాట్‌కి ఒకే లాగిన్ అనే పాత పద్ధతి మార్చడం ఇక తప్పదు. మనిషికొక అకౌంట్ లేకపోతే ఎవరు ఎప్పుడు వచ్చారన్న లెక్కకు విలువ లేదు. వచ్చే వారం పని అదే.

డాలస్ ఓనరుతో కూడా మాట్లాడాను, ఆయన టైము సరిగ్గానే చూపిస్తోంది. నవంబరులో మొదటి ఆదివారం వాళ్లకు గడియారం వెనక్కి జరిగి రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది. మనకు అవి మధ్యాహ్నం 12, ఒంటి గంట. డేటాబేస్‌లో యూటీసీ కాబట్టి రెండు లాగిన్‌లు వేర్వేరుగా, వరుసలోనే ఉంటాయి, స్క్రీన్ మీద మాత్రం రెండూ 1:30 అనే కనపడతాయి. ఆ రాత్రి మేలుకుని రెండుసార్లు లాగిన్ అయి స్క్రీన్‌షాట్ పంపిస్తానన్నారు.